కాలనీ పార్కులో మట్టి ట్రాక్ తీసేసి టైల్స్ వేస్తారట. రోజూ పార్కుకు వెళ్ళేవాళ్ళు ఏమంటారు?

నిమ్మతోట_నాని
మాది రెండెకరాల కాలనీ పార్కు. చుట్టూ దాదాపు వెయ్యి అడుగుల మట్టి ట్రాక్. దాని పక్కనే పాతికేళ్ళ నాటి కానుగలు, వేపలు, రెండు నిద్రగన్నేరులు ఉన్నాయి. వానాకాలంలో బురదవుతోందని ట్రాక్ మీద సిమెంటు టైల్స్ పరచాలనీ, మధ్యలో పొదలన్నీ పీకి లాన్ వేయాలనీ ఎస్టిమేట్ తయారైంది. అసోసియేషన్‌లో సగం మంది "నీట్‌గా ఉంటుంది" అని సరే అన్నారు. పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళు మాత్రం వద్దంటున్నారు. అభ్యంతరం రాసివ్వడానికి పది రోజులు టైముంది. "పాతదే బాగుంది" అని రాస్తే ఎవరూ వినరు, గట్టి కారణాలు కావాలి. పార్కుకు రోజూ వెళ్ళేవాళ్ళు మీరు ఏం చూసుకుంటారు? నేలా, నీడా, వేళా? ఏదైనా చెప్పండి.

చిక్కడపల్లి_శ్రీను
టైల్స్ వద్దే వద్దు. చెట్ల నీడలో ఎండ తగలని చోట మొదటి వానాకాలానికే పాకుడు పడుతుంది. బ్లీచింగ్ పౌడర్ వేసి రుద్దితే పోతుంది, నెల తిరగకుండా మళ్ళీ వస్తుంది. రుద్దే మనిషిని ఎవరు పెడతారో ముందు అడగండి.

సివిల్_సుబ్బారావు
మట్టి ట్రాక్ బురదయ్యేది మట్టి వల్ల కాదు, నీళ్ళు పోయే దారి లేక. దాదాపు ప్రతి పార్కులో ఇదే తంతు: ట్రాక్‌కి రెండు వైపులా కర్బ్ రాళ్ళు పెట్టి 3 అంగుళాలు పైకి లేపుతారు. ఏటా పై మట్టి కొట్టుకుపోయి ట్రాక్ దిగిపోతుంది, రాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఇక వాన నీళ్ళు ఎటు పోతాయి? మధ్యలోనే నిలుస్తాయి. ఆ బురద చూసి "మట్టి పనికిరాదు" అంటారు.

సరిగ్గా చెయ్యాలంటే పద్ధతి ఇది. వదులు మట్టి 6 అంగుళాల వరకు తీసేసి, కింద నేల తడిపి రోలర్ తిప్పాలి. దాని మీద 4 అంగుళాల మొరం. ఒకేసారి పోయకూడదు, రెండు దఫాలుగా 2 అంగుళాల చొప్పున పోసి ఒక్కోదాన్నీ తడిపి రోలింగ్ చెయ్యాలి. పైన 2 అంగుళాల పొర, రెండు పాళ్ళు స్టోన్ డస్ట్‌కి ఒక పాలు జల్లించిన ఎర్రమట్టి కలిపింది. మట్టిలో ఎంత తడి ఉండాలంటే పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, అరచేతికి నీళ్ళు అంటకూడదు. అంతకన్నా ఎక్కువైతే రోలర్‌కి అంటుకుని పొర లేచి వచ్చేస్తుంది.

మీ లెక్క: వెయ్యి అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు అనుకుంటే 6 వేల చదరపు అడుగులు. మొరం 20 యూనిట్లు, పై పొర 10 యూనిట్లు. రోలింగ్‌లో కుంగుతుంది కాబట్టి పాతిక శాతం కలిపి 25, 12న్నర యూనిట్లు రాయించండి. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. టిప్పర్ దింపేటప్పుడు టేపు పెట్టి కొలవండి.

అన్నిటికన్నా ముఖ్యం వాలు. ట్రాక్ ఈ అంచు నుంచి ఆ అంచుకి, 6 అడుగుల్లో అంగుళంన్నర దిగాలి. దిగే వైపు కర్బ్ రాయి ట్రాక్ మట్టంకన్నా పైకి లేవకూడదు. ఆ వైపు రాయి అసలు లేకపోయినా నష్టం లేదు.

ఎర్రమట్టి_యాదగిరి
సుబ్బారావు సార్ చెప్పిన పాళ్ళు కరెక్ట్. ఒట్టి ఎర్రమట్టి పోస్తే ఎండాకాలం మస్తు దుమ్ము లేస్తది, ముక్కు మూసుకొని నడవాలె. ఒట్టి స్టోన్ డస్ట్ పోస్తే పట్టు ఉండదు, నెల రోజులకే గుల్లగుల్ల అయితది. ఇంకొకటి, డస్ట్‌ల చిప్స్ రాకుండ చూసుకోండ్రి. గట్టి నేల మీద 6 ఎంఎం చిప్స్ పడ్డయంటే కాలు జారుడే.

నీళ్ళు జల్లుడు సాయంత్రం నడక అయిపోయినంక చెయ్యాలె. పొద్దుగాల జల్లితే నడిచెటోళ్ళకు జారుతది, పది గంటలకల్లా ఎండిపోయి మళ్ళ దుమ్మే.

ఫిజియో_పద్మజ
అందరూ "టైల్స్ మీద నడిస్తే మోకాళ్ళు అరిగిపోతాయి" అని రాసిస్తారేమో, ఆ ఒక్క కారణం మీద ఆధారపడకండి. మామూలు నడకకి, బూట్లు సరిగ్గా ఉంటే, నేల గట్టిదనం వల్ల వచ్చే తేడా అనుకున్నంత పెద్దది కాదు. అవతలి వాళ్ళు ఎవరైనా డాక్టర్‌ని తెచ్చి కొట్టిపారేయొచ్చు. అరవై దాటిన వాళ్ళకి అసలు ప్రమాదం పడటం. తుంటి ఎముక విరిగితే మనిషి మళ్ళీ మునుపటిలా తిరగడం కష్టం. కాబట్టి జారుడు, ఎత్తుపల్లాలు, వేర్లు లేపిన టైల్ అంచులు, ఈ మూడూ రాయండి. అర అంగుళం లేచిన అంచు చాలు, కాలు ఈడ్చి నడిచే పెద్దవాళ్ళు తట్టుకుని పడటానికి.

నడిచేవాళ్ళకి రెండు మాటలు. బూట్లు 600 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మార్చాలి. రోజుకి 4 కిలోమీటర్లు నడిస్తే అంటే సుమారు అయిదు నుంచి ఆరున్నర నెలలు. పైన తోలు బాగానే కనిపిస్తుంది, లోపలి మెత్త చచ్చిపోయి ఉంటుంది. రెండోది, వాలు ఉన్న ట్రాక్ మీద ఎప్పుడూ ఒకే దిక్కున తిరగకండి. వాలు వైపు కాలు మీద, నడుము మీద బరువు ఒకే రకంగా పడుతుంది. రోజు విడిచి రోజు అటూ ఇటూ మార్చండి.

చిక్కడపల్లి_శ్రీను
దిక్కు మారిస్తే గొడవే మేడం. అందరూ ఎడమ నుంచి తిరుగుతుంటే ఒక్కరు ఎదురొస్తే ఢీకొట్టుకోవడమే.

ఫిజియో_పద్మజ
అందుకే గేటు దగ్గర బోర్డు పెట్టించాలి. సరి తారీఖు అయితే ఇటు, బేసి అయితే అటు. అందరూ కలిసి మారితే ఢీకొట్టుకునే పనే లేదు.

వాణి_ఎస్
ఒక్క మాట అడగనివ్వండి. మట్టి ట్రాక్ అని అందరూ అంటున్నారు, మరి వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు, వాకర్ పట్టుకుని నడిచేవాళ్ళు పార్కుకు రాకూడదా? తడి మట్టిలో వీల్‌చైర్ ముందు చక్రాలు దిగిపోతాయి, తోసేవాళ్ళకి నడుము పడిపోతుంది. డస్ట్ వదులైనా అంతే. పిల్లల బండి కూడా సాగదు. టైల్స్ వద్దు అని మొత్తానికి కొట్టేస్తే వీళ్ళకి గేటు మూసేసినట్టే.

సివిల్_సుబ్బారావు
వాణి గారి మాట నూటికి నూరు పాళ్ళు న్యాయం. దీనికి దారి ఉంది. చుట్టూ ట్రాక్ మట్టిదే ఉంచి, గేటు నుంచి బెంచీల దాకా, అక్కడి నుంచి టాయిలెట్ దాకా 5 అడుగుల వెడల్పున గట్టి బాట ఒకటి వెయ్యాలి. వీల్‌చైర్ వెనక్కి తిరగడానికి ఆ చివర 5 అడుగుల చదరం ఖాళీ వదలాలి. ర్యాంపు 1కి 12 పాళ్ళు, అంటే 6 అంగుళాల మెట్టు ఎక్కాలంటే 6 అడుగుల ర్యాంపు. 3 అడుగుల్లో ముగించేస్తారు చాలాచోట్ల, అది ఎక్కించడం ఎవరి తరమూ కాదు. గేట్లో బైకులు రాకుండా పెట్టే గుండ్రం తిరుగుడు గేటు పక్కన 3 అడుగుల చిన్న గేటు తప్పనిసరి, దానికి తాళం వెయ్యకూడదు.

టైల్ వేసేచోట 60 ఎంఎం మందం చాలు, మనుషులే కదా నడిచేది. కింద ఇసుక పరుపు అంగుళం నుంచి అంగుళంన్నర. ఎగుడుదిగుడులు కప్పడానికి ఇసుక 3 అంగుళాలు పోస్తారు, అక్కడే టైల్ కుంగుతుంది. ఎగుడుదిగుడు మొరం పొరలోనే సరిచేసుకోవాలి.

వాణి_ఎస్
ఇలా రెండూ పెడితే నాకు అభ్యంతరం లేదు. ఆ బాట ఎండలో కాకుండా నీడలో వెయ్యమనండి. కూర్చునేవాళ్ళు ఎండలో కూర్చోలేరు.

వనం_వెంకట్
నీడలో అంటే చెట్ల కింద. అక్కడే జాగ్రత్త. సుబ్బారావు గారూ, మీరు చెప్పిన 6 అంగుళాల తవ్వకం కూడా పెద్ద చెట్ల దగ్గర పనికిరాదండీ. నీళ్ళు పీల్చే సన్నవేర్లు చాలావరకు పై అడుగు, అడుగున్నర లోతులోనే ఉంటాయి. కొమ్మల గొడుగు ఎంత మేర ఉందో కనీసం అంత మేర వేర్లూ పరుచుకుని ఉంటాయి. జేసీబీ పెట్టి ఒకవైపు వేర్లన్నీ కోసేస్తే ఆ ఏడు ఏమీ కనిపించదు. రెండు మూడేళ్ళకి ఆ వైపు కొమ్మలు ఎండటం మొదలవుతుంది. లేకపోతే ఈదురుగాలికి చెట్టు మొత్తం రెండోవైపుకి పడిపోతుంది. "గాలికి పడింది" అంటారు అందరూ.

చెట్టు గొడుగు కింద ట్రాక్ వచ్చేచోట తవ్వకుండా చెయ్యాలి. పైన వదులు చెత్త, ఆకు గీకేసి, నేల మీదే 3 అంగుళాల మొరం, డస్ట్ పొర పరిచి చేతి దిమ్మిసతో కొట్టండి. రోలర్ వద్దు. మొదలుకి ఆనించి మట్టి ఎత్తు పెంచకూడదు, బెరడు కుళ్ళుతుంది.

టైల్స్, సిమెంటు విషయంలో మీకు పనికొచ్చే ఆధారం ఒకటుంది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. మీ అభ్యంతరంలో అది రాయండి. ఒక మీటరు కనీసం మాత్రమే. మీ నిద్రగన్నేరు లాంటి పెద్ద చెట్టుకి రెండు మీటర్లు అడగండి.

సివిల్_సుబ్బారావు
సరే వెంకట్ గారూ, చెట్ల కింద మీ పద్ధతే రాయించుదాం. ఖాళీ చోట్ల మాత్రం 6 అంగుళాలు తియ్యాల్సిందే. కింద వదులుగా ఉంటే పైన ఎన్నిసార్లు రోలర్ తిప్పినా నిలవదు.

నిమ్మతోట_నాని
ఇది చాలా ఉపయోగం. రెండు వేపలు పై కొమ్మలు మాడిపోయినట్టు ఉన్నాయి. ఎస్టిమేట్‌లో "ఎండిన చెట్ల తొలగింపు" అని వాటినీ కలిపారు. నిజంగా చచ్చినట్టేనా?

వనం_వెంకట్
కొట్టనివ్వకండి. తెలంగాణలో 2021 నుంచి వేపలకి ఈ కొమ్మల ఎండు తెగులు విపరీతంగా వస్తోంది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని. వానాకాలం చివర మొదలై చలికాలానికి చెట్టంతా మాడినట్టు కనిపిస్తుంది, ఎండాకాలం మొదట్లో చాలా చెట్లు మళ్ళీ చిగురిస్తాయి. చూడాల్సింది ఇది: బొటనవేలి లావు కొమ్మ మీద గోటితో బెరడు గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. ఎండిన చిటారు కొమ్మలు పచ్చ భాగం దాకా కత్తిరించి, ఆ కొమ్మల్ని పార్కులో వదిలెయ్యకుండా బయటికి పంపాలి. చిన్న చెట్లకి కార్బెండజిమ్ లీటరు నీటికి 2 గ్రాములు పిచికారీ చెయ్యొచ్చు. పెద్ద చెట్టుకి మామూలు పంపు అందదు. ఏదైనా చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ఉండాలి, ఆ కాగితం చూపించమనండి.

కడియం_కుర్రోడు
లాన్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? అసలు ఖర్చు అక్కడే ఉంది. ఎండాకాలంలో లాన్‌కి చదరపు మీటరుకి రోజుకి దాదాపు 5 లీటర్లు కావాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే రోజుకి 20 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు! మీ పార్కులో అర ఎకరం వేసినా రోజుకి రెండు ట్యాంకర్లు. మార్చి నుంచి జూన్ దాకా లెక్క వేసుకోండి. బోరు ఎండిందంటే మే నెలకి లాన్ గడ్డివామే.

అదీగాక చెట్ల కింద లాన్ బతకదు. మెక్సికన్ గడ్డి అని మా వైపు నర్సరీల నుంచి చాపలు చుట్టి పంపుతారు చూడండి, అది పూర్తి ఎండ అడిగే రకం. నిద్రగన్నేరు నీడలో పల్చబడి మట్టి బయటపడుతుంది. అప్పుడు మళ్ళీ చాపలు కొంటారు. నేను అమ్మేవాడినే, అయినా చెప్తున్నా: నీడలో గడ్డి వెయ్యకండి. స్పైడర్ లిల్లీ, సింగోనియం లాంటివి పెట్టండి, వారానికి రెండు తడులు చాలు. లేకపోతే రాలిన ఆకునే 3 అంగుళాల మందం పరిచి వదిలెయ్యండి.

మియాపూర్_మాధవి
మరి పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి? పొదల్లోనా? పిల్లలకి ఖాళీ జాగా ఉండాలి. "గడ్డిమీద నడవరాదు" బోర్డు పెట్టే లాన్ నాకూ వద్దు, కానీ పొదలన్నీ అలాగే ఉంచండి అంటే ఒప్పుకోను.

కడియం_కుర్రోడు
ఆటకి గరికే మంచిది మేడం. తొక్కినా చావదు, రెండు వారాలు నీళ్ళు లేక ఎండినా ఒక్క వాన పడితే లేస్తుంది. ఎండ తగిలే చోట ఒక మూల 60 అడుగులకి 40 అడుగులు గరిక వెయ్యమనండి. చుట్టి తెచ్చే చాపలు అక్కర్లేదు, తీగ ముక్కలు 4 అంగుళాల దూరంలో జులై మొదటి వానలకి నాటితే సెప్టెంబర్‌కి కమ్ముకుంటుంది. అంగుళంన్నర ఎత్తు ఉంచి కోయాలి. మరీ నేలకి కోస్తే తుంగ పైకొస్తుంది.

వనం_వెంకట్
పొదల గురించి మాధవి గారికి: ఆట స్థలం చుట్టూ పొదలు 3 అడుగులకి మించకుండా కత్తిరిస్తే బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి పిల్లలు కనిపిస్తారు. మూల పొదలు అలాగే ఉండనివ్వండి, పిట్టలు గూళ్ళు పెట్టేది అక్కడే.

విశాఖ_వాకర్
కొత్త మొక్కలు వేస్తామంటే ఏవేవో పేర్లు రాయించుకోండి ముందు. మా విశాఖలో 2014 హుద్‌హుద్‌కి చెట్లన్నీ పోయాక త్వరగా పెరుగుతాయని ఏడాకుల పాల తెగ నాటారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా సాయంత్రమైతే ఆ పూల ఘాటుకి తలనొప్పి, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆయాసం. ఒకటో రెండో ఉంటే పర్వాలేదు, వరసంతా అదే అయితే ఆ దారిన నడవలేం. కోనోకార్పస్ కూడా అంతే. గుజరాత్‌లో 2023లో నాటడమే నిషేధించారు.

ఎర్రమట్టి_యాదగిరి
తురాయి కూడ ట్రాక్ పక్కన పెట్టకుండ్రి. పువ్వు ముద్దుగ ఉంటది గని కొమ్మ పెళుసు. మే నెల గాలిదుమారంల ఫటఫట విరుగుతయి. లాన్ పక్కకు, మనుషులు నిలవడని తావుల పెట్టుకోవాలె.

గచ్చిబౌలి_గోపి
వేళ గురించి ఒకటి. డిసెంబర్, జనవరిలో హైదరాబాద్‌లో తెల్లవారుజామున నడవడం మంచిదనుకుంటారు. ఆ వేళకి నేల దగ్గరి గాలి చల్లబడి ఉంటుంది, పైన వెచ్చటి గాలి మూతలా కప్పేస్తుంది. పొగ, దుమ్ము పైకి పోవు. ఎండ ఎక్కాకే ఆ పొర విడిపోతుంది. చలికాలం ఏడున్నర తర్వాతే వెళ్ళండి, ముఖ్యంగా ఆయాసం ఉన్నవాళ్ళు, గుండె మందులు వాడేవాళ్ళు. ఎండాకాలం అయితే లెక్క తిరగబడుతుంది, ఏడు లోపే ముగించాలి.

చిక్కడపల్లి_శ్రీను
తెల్లవారుజామున రావిచెట్టు కింద కూర్చుంటే ఆక్సిజన్ ఎక్కువ అంటారు కదా. రాత్రంతా అదొక్కటే ఆక్సిజన్ వదులుతుందట.

వనం_వెంకట్
వెలుగు లేకుండా ఏ చెట్టూ ఆక్సిజన్ తయారుచెయ్యదు శ్రీనూ, రావి కూడా అంతే. కలబంద, జెముడు లాంటివి రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ పీల్చి దాచుకుంటాయి, ఆక్సిజన్ వచ్చేది మాత్రం పగలే. అలాగే "రాత్రి చెట్టు కింద పడుకుంటే ఊపిరాడదు" అన్నదీ నిజం కాదు. చెట్టు వదిలేది ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. రావిచెట్టు కింద కూర్చోండి, హాయిగా ఉంటుంది. దాని ఆకు గాలికి ఊరికే కదులుతుంది, పిట్టలు వస్తాయి, అది చాలు.

మియాపూర్_మాధవి
పిట్టలంటే గుర్తొచ్చింది. పావురాలకి గింజలు చల్లడం ఎవరైనా ఆపగలరా? బెంచీల మీద కూర్చునే వీల్లేదు.

పుణ్యం_పురుషోత్తం
మూగజీవాలకి నాలుగు గింజలు వేస్తే తప్పేంటమ్మా? పొద్దున్నే చేసే మంచిపని అదొక్కటే కొంతమందికి.

ఫిజియో_పద్మజ
తప్పని కాదు బాబాయ్ గారూ, చోటు తప్పు. ఎండిన పావురం రెట్ట పొడి, ఈకల నుసి రోజూ పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. మొదట్లో పొడిదగ్గే, జలుబు అనుకుంటారు. నడిచేవాళ్ళు మామూలుకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు కాబట్టి ట్రాక్ పక్కన అసలు వద్దు. 2025లో ముంబైలో పావురాలకి గింజలు వేసే కబూతర్‌ఖానాలు మూయించి, ఆ గొడవ హైకోర్టు దాకా వెళ్ళింది ఇందుకే. గింజల బదులు నీళ్ళు పెట్టండి. వెడల్పాటి మట్టి మూకుడులో 2 అంగుళాల లోతు, మధ్యలో ఒక రాయి. పిచ్చుకలు, గోరింకలు, బులుబులు పిట్టలు అన్నీ తాగుతాయి. రోజూ కడిగి మార్చాలి, లేకపోతే దోమలు.

పుణ్యం_పురుషోత్తం
నీళ్ళయితే ఈ వేసవికి నేనే నాలుగు మూకుళ్ళు కొనిస్తాను. కడగడం కూడా నా బాధ్యతే.

నిమ్మతోట_నాని
ఎస్టిమేట్‌లో ఇంకో మూడు ఉన్నాయి: ఓపెన్ జిమ్, గులకరాళ్ళ ఆక్యుప్రెషర్ బాట, మధ్యలో ఫౌంటెన్. వీటికి ఏమంటారు?

సివిల్_సుబ్బారావు
ఓపెన్ జిమ్ పెట్టించుకోండి, కాకపోతే పునాది చూడండి. ఒక్కోదానికి అడుగున్నర లోతు కాంక్రీటు, యాంకర్ బోల్టులు అందులో పాతి ఉండాలి. టైల్ మీద డ్రిల్ వేసి బిగిస్తే ఏడాదికే ఊగుతాయి. మొదట పోయేది బేరింగ్‌లే. చేత్తో పక్కకి ఊపి చూడండి, వేలి మందం ఆడితే దాని మీద ఎవర్నీ ఎక్కించకండి. మూడు నెలలకోసారి గ్రీజు, బోల్టుల బిగింపు. టెండర్‌లో రెండేళ్ళ మెయింటెనెన్స్ రాయకపోతే ఆ పని ఎవరూ చెయ్యరు. పిల్లల ఆట స్థలానికి ఆనించి పెట్టొద్దు. ఊగే కడ్డీల మధ్య వేళ్ళు నలుగుతాయి.

ఫిజియో_పద్మజ
గులకరాళ్ళ బాట తీసేయించండి. షుగర్ వల్ల అరికాళ్ళు తిమ్మిరెక్కిన వాళ్ళకి రాయి గుచ్చుకున్నా తెలియదు, చిన్న గాయం పుండవుతుంది. పైగా ఎండాకాలం ఎనిమిదింటికే రాళ్ళు కాలుతుంటాయి. ఆ డబ్బుతో రెండు బెంచీలకి వెనక ఆనుడు, చేతులు పెట్టించండి. చేతులు లేని బెంచీ మీద నుంచి పెద్దవాళ్ళు లేవలేరు. కూర్చునే ఎత్తు 17, 18 అంగుళాలు ఉండాలి. 14 అంగుళాల బెంచీలు వేస్తారు, అందంగా ఉంటాయని.

గచ్చిబౌలి_గోపి
ఫౌంటెన్ నెలరోజులు ఆడుతుంది, తర్వాత మోటారు కాలుతుంది. ఆ నీళ్ళు నిలవ ఉంటే దోమ గుడ్డు నుంచి దోమ బయటికి రావడానికి వారం, పది రోజులు చాలు. పెట్టాల్సిందే అంటే వారానికోసారి పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టే వాల్వ్ అడుగున ఉండాలి. లేదా దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదలాలి. నా ఓటు మాత్రం ఫౌంటెన్ బదులు తాగునీటి కుళాయికి.

లాల్‌బాగ్_లలిత
మీరంతా రోజూ నడిచే పార్కు గురించే అంటున్నారు. చూడటానికి వెళ్ళే తోట వేరు. బెంగుళూరు లాల్‌బాగ్ 240 ఎకరాలు, హైదర్ అలీ 1760లో మొదలుపెట్టింది. అందరూ జనవరి 26, ఆగస్టు 15 పూల ప్రదర్శనలకే వస్తారు. ఆ రోజుల్లో అద్దాల మేడ దగ్గర తోపులాటే తప్ప చెట్టు కనిపించదు. తోట చూడాలంటే ప్రదర్శన లేని మామూలు రోజు, పొద్దున్నే రండి.

నాని గారూ, మీ పార్కుకి ఇందులోంచి తీసుకోవాల్సింది ఒకటుంది: ఏ నెలలో ఏం పూస్తుందో చూసుకుని నాటడం. ఫిబ్రవరిలో మోదుగ, ఏప్రిల్‌లో రేల, వేసవి తెల్లవారుజామున పొగడ, వానల్లో కడిమి, ఆగస్టు నుంచి పారిజాతం. పారిజాతం కింద ఆరింటికల్లా వెళ్ళాలి, ఎండెక్కితే పూలు వాడిపోతాయి. ఈ అయిదు ఉంటే ఏడాదిలో సగానికి పైగా ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. ప్రతి చెట్టుకీ పేరు పలక పెట్టించండి. మేకులు కొట్టకుండా, మొదలు పక్కన నేలలో పాతిన చిన్న రాతి పలక మీద.

ఆస్టిన్_రావు
ఆలస్యంగా చూశాను. ఇక్కడ అమెరికాలో, ఆస్టిన్‌లో లేడీ బర్డ్ లేక్ చుట్టూ 10 మైళ్ళ బాటలో చాలాభాగం నలగ్గొట్టిన గ్రానైట్ పొడే. రోజూ వేలమంది నడుస్తారు, పరిగెత్తుతారు. పెద్ద వాన తర్వాత కోసుకుపోయిన చోట మళ్ళీ పోసి రోలింగ్ చేస్తారు. అంటే మట్టి బాట పాతకాలపు వస్తువేం కాదు, కాకపోతే దానికి ఏటా మరమ్మతు ఉంటుంది. మీ టెండర్‌లో ఏటా జూన్‌కి ముందు 2 యూనిట్లు, అక్టోబర్‌లో 2 యూనిట్ల డస్ట్, రోలింగ్ అని రాయించుకోండి. ఒకసారి వేసి వదిలేస్తే అయిదేళ్ళకి మళ్ళీ టైల్స్ మాటే వస్తుంది.

మియాపూర్_మాధవి
ఆకులు కాల్చడం కూడా రాయండి. స్వీపర్లు పొద్దున్నే కుప్పపోసి అంటిస్తారు, సరిగ్గా నడిచే వేళకి పొగ.

కడియం_కుర్రోడు
దానికి ఇనప జాలీ గుండ్రంగా చుట్టి పెట్టండి, 4 అడుగుల అడ్డం, 4 అడుగుల ఎత్తు. అర అడుగు ఆకు, దాని మీద పేడనీళ్ళు ఒక బక్కెట్టు, మళ్ళీ ఆకు. పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలి. మధ్యలో ఎండిపోతే అలాగే ఉండిపోతుంది, అందుకని కడ్డీతో నాలుగు బొక్కలు పొడిచి నీళ్ళు పొయ్యండి. తడిగా ఉంచితే నాలుగైదు నెలల్లో నల్లటి ఎరువు. కానుగాకు త్వరగా కుళ్ళుతుంది, మామిడాకు మొండిది. మీది రెండెకరాలు కాబట్టి ఇలాంటివి నాలుగు కావాలి, మార్చిలో ఒక్కసారే రాలుతుంది ఆకంతా.

నిమ్మతోట_నాని
అన్నీ కలిపి మూడు పేజీల అభ్యంతరం రాశాను. చుట్టూ మట్టి ట్రాక్ వాలుతో, గేటు నుంచి బెంచీల దాకా గట్టి బాట, మొదళ్ళ చుట్టూ ఖాళీ, లాన్ బదులు ఒక మూల గరిక, వేపలకి కత్తిరింపు మాత్రమే. పెద్దవాళ్ళతో పాటు మాధవి గారిలా ఆలోచించే తల్లులు కూడా సంతకాలు పెడుతున్నారు. చివరి ప్రశ్న: లలిత గారు చెప్పిన పొగడ, కడిమి ఎంత సైజువి కొనాలి? అసోసియేషన్ వాళ్ళు పది అడుగుల మొక్కలు తెద్దామంటున్నారు, వెంటనే నీడ వస్తుందని.

కడియం_కుర్రోడు
పది అడుగులవి వద్దు. పెద్ద మొక్క తవ్వి సంచిలో పెట్టేటప్పుడు వేర్లు సగం పోతాయి, రెండేళ్ళు అలాగే బిగుసుకుని ఉంటుంది. 5, 6 అడుగులది, కాండం బొటనవేలి లావు ఉన్నది తీసుకోండి. సంచి అడుగున వేరు బయటికొచ్చి చుట్టుకుపోయి ఉంటే ఆ మొక్క వదిలెయ్యండి. గుంత 3 అడుగుల చదరం, 2 అడుగుల లోతు. తీసిన మట్టిలో మూడో వంతు ఎరువు కలిపి నింపాలి. సంచిలో మట్టి మట్టం నేల మట్టానికి సమానంగా ఉండాలి, లోతుగా పాతితే పొగడ కుళ్ళుతుంది. కర్ర కాండానికి ఆనించకండి, జానెడు దూరంలో పాతి గుడ్డ పీలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. జులై వానలకి నాటితే మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు 20 లీటర్లు. రెండో ఏడు వారానికి ఒకసారి.

వనం_వెంకట్
కడిమి ఎండ, నీళ్ళు రెండూ అడుగుతుంది, పైగా పెద్దగా పెరుగుతుంది. ట్రాక్‌కి, కాంపౌండు గోడకి కనీసం 15 అడుగులు వదిలి, వాలు నీళ్ళు చేరే మూలలో పెట్టండి. పొగడ ట్రాక్ పక్కన పర్వాలేదు.